నల్ల బంక కింద

లిఫ్టులు బాగుచేసే ఆ మనిషికి సెలవురోజు కూడా చెయ్యి ఊరుకోదు. గిటార్ వాళ్లు కాలికింద పెట్టుకునే ఓవర్‌డ్రైవ్ పెడళ్లుంటాయి చూడండి, నొక్కగానే తీగ గొంతు బొంగురుపోయేలా చేసే ఇనప డబ్బాలు, వాటిని విప్పి, మార్చి, మళ్లీ బిగించడం అతని పిచ్చి. అంటించింది వాళ్ల బావే, అక్క మొగుడు. ఇద్దరూ ఒకే బల్ల మీద మోచేతులు తగిలించుకుంటూ పదేళ్లు పనిచేశారు.

ఆ పదేళ్లూ ఒక్క మాటతో మట్టిలో కలిశాయి. బావ కొత్త పెడల్ వాయించి చూపించిన రోజు, అది అచ్చం తను నోటుబుక్కులో గీసుకున్న సర్క్యూట్‌లా వినిపించింది మన మేధావికి. విప్పి చూపించమంటే బావ నవ్వాడు. అప్పటికే లోపల నల్ల బంక పోసేశాడు. ఎవరూ కాపీ కొట్టకుండా కొందరు అలా పోస్తారు, ఎండితే రాయే.

“నాది దొంగిలించకపోతే దాచడం దేనికి?” అని పదిమంది ముందు నోరు పారేసుకున్నాడు.

బావ పెడల్ చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆరేళ్లు ఇద్దరికీ మాటల్లేవు. ఆరో ఏడు బావ గుండె ఆగిపోయింది. చూడ్డానికి వెళ్లాడు గానీ, మొహం చెల్లక గుమ్మం దగ్గరే నిలబడి వచ్చేశాడు.

నెల తిరక్కుండా అక్క ఆ పెడల్ తెచ్చి బల్ల మీద పెట్టింది.

“నొక్కితే పలకడం లేదురా. సాయంత్రం మీ బావ బ్యాండు వాళ్లు వస్తున్నారు. ఒక్కసారి దీని గొంతు వినాలని ఉంది.”

“స్విచ్ పోయుంటుంది అక్కా. అరగంట పని.”

“అదొక్కటే మార్చు. నీ బుద్ధి నాకు తెలుసు. ఆ బంక జోలికి వెళ్లకు.”

“వెళ్లను, ఒట్టు.”

నిజంగానే స్విచ్చే. మార్చి, గిటార్ తగిలించి ఒక తీగ మీటాడు. బావ పక్క గదిలోంచి పిలిచినట్టే ఉంది. అక్కడితో మూత బిగించి లేచుంటే ఎంత బాగుండేది! కానీ ఆరేళ్ల కడుపుమంట ఊరుకోనిస్తుందా? తను అన్నది నిజమని తేలితే చాలు, గుమ్మంలో నిలబడ్డ సిగ్గు కాస్త తగ్గుతుంది. ఒక్క మూల చూద్దాం అనుకుంటూ వేడిగాలి గన్ను అందుకున్నాడు.

మూల మెత్తబడింది. కత్తి మొన దూర్చాడు. బంక పెచ్చుగా లేచింది, దాంతోపాటే ఒక ట్రాన్సిస్టర్ కాళ్లు విరిగి ఊడొచ్చింది. ఇంక ఆగి లాభమేంటని మొత్తం చెక్కేశాడు.

నోటుబుక్కు పక్కన పెట్టుకుని గీత గీతకీ పోల్చాడు. ఒక్కటీ కలవలేదు. తనది చిప్పుతో నడిచేది. బావది చిప్పే లేనిది, మూడంటే మూడు పాత ట్రాన్సిస్టర్లు. మూడూ మొదలంటా విరిగాయి, మళ్లీ అతకవు. వాటి మీద నంబర్లు బావ ఎప్పుడో గీకేశాడు, ఏ రకమో చెప్పే మనిషి ఇప్పుడు లేడు. ఆ గొంతు ఆఖరుసారి విన్నది తనే.

“ఏరా, అయిందా?” అంటూ అక్క వచ్చేసింది, భుజాన బావ గిటార్.

అతను నోటుబుక్కు మూసేశాడు. “బావ నాది దొంగిలించలేదక్కా,” అన్నాడు.

అక్క బల్ల మీది నల్ల పెచ్చుల్ని చూసింది.

“అది నాకు ఆరేళ్ల నుంచీ తెలుసు,” అంది. “నేను వినడానికి తెచ్చానురా.”

గిటార్ భుజం మీంచి దించకుండానే మెట్లు దిగి వెళ్లిపోయింది.