నలభై సెకన్ల గడియారం

రెండువేల ఇరవై నాలుగు, ఆగస్టు పద్నాలుగో తేదీ, బుధవారం. ఆ పొద్దున ఓబులేసు రాత్రి మిగిలిన జొన్నరొట్టెను పెనం మీద వెచ్చచేసుకుని, రోట్లో నూరుకున్న చెనిక్కాయల ఊరుమిండి నంజుకుని తిన్నాడు. అంచులు అట్టముక్కలయ్యాయి గానీ రొట్టె మధ్యలో మెత్తగానే ఉంది. భార్య పోయినప్పటి నుంచి తన వంట తానే తింటున్న మనిషికి ఆ మెత్తదనం కూడా ఒక దయలాగే తోస్తుంది. రెండో ముక్క తుంచుతుంటే ఫోన్లో సందేశం వచ్చింది.

యూనివర్సిటీ దూరవిద్య డైరెక్టరు పంపాడు. 'నేల – నీరు' ఆన్‌లైన్ కోర్సులో చేరిన పద్నాలుగు మందిలో ఒక్కరు కూడా మొదటి పాఠం దాటలేదట. ఆదివారం సాయంత్రం ఎనిమిదిలోగా కనీసం సగం మంది ఆరు పాఠాలూ పూర్తిచేయకపోతే కోర్సు ఎత్తేస్తారట. ఈ మధ్యాహ్నం తర్వాత పాఠాల్లో ఏ మార్పూ చేయడానికి వీల్లేదట.

ముక్క చేతిలోనే ఉండిపోయింది.

ఓబులేసు కర్నూలు డిగ్రీ కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పి రిటైరైనవాడు. కల్లూరులో కొత్తగా లేచిన ఇళ్ల మధ్య రెండు గదుల ఇంట్లో ఉంటాడు. పెళ్లిళ్లై, పిల్లలు పుట్టి, డిగ్రీ మధ్యలో ఆపేసిన ఆడవాళ్ల కోసం ఒక కోర్సు తయారుచేయమని యూనివర్సిటీ వాళ్లు అడిగినప్పుడు ఎగిరి గంతేసినంత పని చేశాడు. వాళ్లకు డిగ్రీకి మిగిలింది ఈ ఒక్క పేపరే. ఇది పోతే ఇంకొకటి లేదు. చదివిందంతా గాలికి పోయినట్టే.

దీనికోసం ఆయన కడపకు పోయి మూడు రోజులు శిక్షణ తీసుకున్నాడు. ఎదురుగా మాస్టారు లేని పాఠంలో మనసు నిలవదు, అందుకని మూడేసి నిమిషాలకు పాఠాన్ని ఆపి ఒక ప్రశ్న అడగాలి, జవాబు నొక్కితేనే పాఠం కదలాలి అని అక్కడ చెప్పారు. క్లాసులో కునికేవాణ్ణి లేపి అడగడం లాంటిదే కదా అనుకున్నాడు ఓబులేసు. ఇంకో అడుగు ముందుకేసి ప్రశ్న పక్కన ఎర్ర ముల్లున్న గడియారం పెట్టించాడు. నిమిషంలో జవాబు రాకపోతే పాఠం మూసుకుపోతుంది. మళ్లీ మొదటి నుంచి చూడాలి. ఆ గడియారం ఎవరూ చెప్పింది కాదు, ఆయన సొంత ఆలోచన. దాన్ని చూసుకుని మురిసిపోయాడు కూడా.

రొట్టె మూతపెట్టి షేర్ ఆటో ఎక్కి యూనివర్సిటీ ఆఫీసుకు పరుగెత్తాడు. కంప్యూటర్ల పని చూసే వీరభద్ర తెర మీద గీతలు చూపించాడు.

"అందరూ యాడ ఆగిపోతాండారు వీరభద్రా?"

"తొలి ప్రశ్న కాడ సార్. తెరిసినోళ్లు మూడు నిమిషాలు బుద్ధిగా చూస్తారు. ప్రశ్న వస్తాది, ముల్లు తిరుగుతాది, పాఠం మూసుకుంటాది. అంతే."

"నిద్రపోతాండారంటావా?"

"మీ క్లాసులో నిద్రపోనిది ఎవరు సార్? నేను మీ స్టూడెంటునే. మర్చిపోయినారా?"

ఓబులేసుకు నవ్వు రాలేదు. పన్నెండు కావస్తోంది. ఏదో ఒకటి చేయాలి. "గడువు తగ్గించు. నలభై సెకన్లు పెట్టు."

"నిమిషమే చాలనోళ్లకు నలభై పెడతారా?"

"బెదరాలప్పా. బెదిరితేనే నొక్కుతారు."

వీరభద్ర ఆయన ముఖం వైపు ఒకసారి చూసి, నలభై అని కొట్టాడు. కాసేపటికే తెర మీద చిన్న తాళం బొమ్మ పడింది. ఇక ఎవరూ ఏమీ మార్చలేరు.

ఆ సాయంత్రం కొత్త నంబరు నుంచి ఫోన్ వచ్చింది.

"సార్, నేను విశ్వాసమ్మను. మీ కోర్సులో చేరినా. ఈ పాఠం మమ్మల్ని బయటికి నూకేస్తాంది సార్. నిన్నటి దాకా కొంచెం నిదానంగా నూకుతాండె. ఈరోజు నోరు తెరిసేలోగానే నూకేస్తాంది."

"మమ్మల్ని అంటే ఎవరమ్మా?"

"మేం ఎనిమిదిమంది సార్, ఒకే ఊరోళ్లం. మా పాపం ఏమైనా ఉంటే చెప్పండి సార్, దిద్దుకుంటాం."

కోర్సులో మిగిలిన ఆరుగురూ కడప పక్కవాళ్లు. ఎన్నిసార్లు చేసినా ఫోన్ ఎత్తడం మానేశారు. ఉన్న ఆశంతా ఈ ఎనిమిదిమందే.

మరునాడు జెండా పండగ. అహోబిలం బస్సెక్కి, దారిలో వాళ్ల ఊరి మలుపు దగ్గర దింపమని బతిమాలుకున్నాడు. అక్కడ స్టాపు లేదు. డ్రైవరు సరిగ్గా వేపచెట్టు నీడ మీదికి తెచ్చి ఆపాడు.

చర్చి పక్కన రేకుల గది. మధ్యలో బిందెను బోర్లించి, దానికి ఫోన్ ఆనించారు. చుట్టూ చాప మీద ఎనిమిదిమంది ఆడవాళ్లు మోకాళ్లు తగిలేటట్టు ఒదిగి కూర్చున్నారు. నలభై ఏళ్ల విశ్వాసమ్మ ముందు కూర్చుంది. ఆమె ఊరి పొదుపు సంఘం లీడరు. ఓబులేసుకు కుర్చీ వేశారు, చెంబుతో నీళ్లిచ్చారు, పాఠం పెట్టారు. తన గొంతు తనకే పరాయిగా వినిపించింది. మూడు నిమిషాలు ఎవరూ కదల్లేదు. ప్రశ్న వచ్చింది. వాన నీళ్లు అన్నిటికంటే తొందరగా ఇంకేది ఎర్రనేలలోనా, నల్లరేగడిలోనా, చౌడులోనా?

"ఎర్రదాంట్లో," అంది హులిగెమ్మ. ఆమె ఆదోని వైపు నుంచి ఈ ఊరికి కోడలై వచ్చింది. "మా దిక్కు రేగడి చేను వాన పడితే రెండు దినాలు కాలు పెట్టనియ్యదు. నీళ్లు ఇంకితే బురద యాడిది?"

"ఎండాకాలం ఆ రేగట్లోనే ఇంతింత నెర్రెలు," అని చేతులు చాపింది క్రిస్టినా. అందరిలో చిన్నది, ఫోన్ ఆమెదే. "మీ ఆయన చెప్పు దాంట్లో పడితే దొరకనే లేదంటివి గదా! తొలి వాన ఆ నెర్రెల్లోకి పోదా?"

"చెప్పు సంగతి సార్ ముందర ఎందుకే!"

"చౌడు అనరేం మీరెవురూ?" అని వెనకనుంచి ఎవరో అన్నారు. "దాన్ని అడగను కూడా అడగరు పాపం!"

నవ్వులు. విశ్వాసమ్మ వేలు ఫోన్ మీద గాలిలో ఆగి ఉంది. "తొందరపడొద్దండి. అందరూ ఒప్పుకుంటిరా? హులిగీ, నువ్వు సరేనా?"

ముల్లు తిరిగిపోయింది. తెర నల్లబడింది.

"చూడండి సార్," అంది విశ్వాసమ్మ. "మళ్లా నూకేసింది."

ఓబులేసు చెంబు కింద పెట్టాడు. ముప్ఫై ఏళ్లు పాఠం చెప్పినా తన ప్రశ్న మీద ఎవరూ ఇంతగా కొట్లాడుకోలేదు. వాళ్లు నిద్రపోవడమేమిటి! పాఠంలో మునిగిపోయారు. మునిగినందుకే గడియారం వాళ్లను గెంటేస్తోంది.

"ఎవరి జవాబు వాళ్లు నొక్కొచ్చు గదమ్మా," అన్నాడు చివరికి.

"ఉండేది ఒకటే ఫోన్ సార్. ఇండ్లల్లో ఫోన్లు మగోళ్లు చేన్లకూ ఆటోలకూ తీస్కపోతారు. నేను నొక్కితే ఎనిమిదిమందీ నొక్కినట్టు. మా సంఘంలో అంతే సార్. ఒక్కరు తల ఊపకపోయినా కాగితం మీద వేలు పెట్టం."

అంటే తెర మీద కనిపించేది విశ్వాసమ్మ పేరొక్కటే. మిగిలిన ఏడుగురూ పాఠం తెరవనే లేదని కంప్యూటరు లెక్క.

శుక్రవారం డైరెక్టరు గదిలో నిలబడి ఓబులేసు ఇదంతా చెప్పాడు. గడియారం తీయించమన్నాడు. తప్పు తనదేనన్నాడు. డైరెక్టరు చెడ్డవాడు కాదు. కూర్చోబెట్టి టీ తెప్పించాడు. "దానికి మార్కులు ముడిపడ్డాయి ఓబులేసు గారూ. తాళం పడ్డాక నేనైనా తీయలేను. పైగా కలిసి నొక్కితే ఎనిమిది డిగ్రీలెట్లా ఇచ్చేది? ఎవరి పేరుతో వాళ్లు చేయాల్సిందే." టీ చల్లారిపోయింది. ఓబులేసు తాగకుండానే లేచాడు.

ఆదివారానికి ఎనిమిది ఫోన్లు కావాలి. ఆ రోజైతే మగవాళ్లు ఇంటిపట్టున ఉంటారు. ఊరికి ఫోన్ చేసి విశ్వాసమ్మకు చెప్పాడు. ఆమె ఇల్లిల్లూ తిరిగింది. ఆదివారం వీరభద్ర సెలవని కూడా చూడకుండా తన బండి మీద ఓబులేసును ఎక్కించుకుని బయల్దేరాడు. ఊళ్లోకి వచ్చాక, "నా ఫోన్ తీస్కోండి సార్, మా ఇంటామె ఫోన్ చేస్తే మీరే సమాధానం చెప్పుకోవాల," అన్నాడు.

ఇద్దరి ఫోన్లతో కలిపి ఎనిమిది కుదిరేసరికి అయిదు దాటింది. హులిగెమ్మ మొగుడు షేర్ ఆటో తోలతాడు. గొణుక్కుంటూ ఫోన్ ఇచ్చి, వెళ్లిపోకుండా గది బయట బీడీ కాలుస్తూ కూర్చున్నాడు.

"ఒకరితో ఒకరు మాట్లాడొద్దమ్మా," అన్నాడు ఓబులేసు. అంటుంటే నోరు చేదయింది. "తోచింది వెంటనే నొక్కండి. తప్పైనా ఫరవాలేదు, పాఠం ముందుకు పోవాల. ఏడుగురు ముగిస్తే కోర్సు నిలబడుతుంది."

ఎనిమిదిమందీ గోడలకు ఆనుకుని దూరదూరంగా కూర్చున్నారు. మొన్న నవ్వులతో నిండిన గది ఇప్పుడు పరీక్ష హాలైంది. ఎనిమిది ఫోన్లలోంచి ఆయన గొంతే, ఒకటి ముందు, ఒకటి వెనక, ఒకదాని మీద ఒకటి పడుతోంది. క్రిస్టినా ముందుగా కుదురుకుంది. టకటకా నొక్కుకుంటూ పోయింది. హులిగెమ్మ రెండుసార్లు బయటపడి, కొంగుతో ముఖం తుడుచుకుని, మూడోసారి దాటేసింది. ఒక్కొక్కరే మొదటి పాఠం, రెండో పాఠం దాటుతున్నారు.

విశ్వాసమ్మ దాటలేదు.

ఓబులేసు ఆమె పక్కగా వచ్చి చూశాడు. ప్రశ్న వస్తుంది. ఆమె వేలు లేస్తుంది. అప్పుడు తల ఎత్తి గది నలుమూలలా చూస్తుంది. అందరూ తలలు వంచుకుని ఉన్నారు. ఆమె కోసం తల ఊపేవాళ్లు లేరు. ముల్లు చివరికొస్తుంది, తెర నల్లబడుతుంది. మళ్లీ మొదటి నుంచి. ఆమెకు జవాబు తెలుసు, పెదవులు ఆడుతున్నాయి. వేలే దిగడం లేదు.

మూడో పాఠం దాకా ఎలాగో వచ్చింది. అప్పటికి ఏడైంది. ఓబులేసు ఓర్చుకోలేకపోయాడు. వంగి, గుసగుసగా, "రెండోది నొక్కమ్మా," అన్నాడు.

ఆమె తల అడ్డంగా ఊపింది. "వద్దు సార్. వాళ్లెవరికీ చెప్పలేదు గదా మీరు."

ఆయన గది బయటికి వచ్చి నిలబడ్డాడు. ఎప్పుడో ఒకసారి దేవుడి ముఖం చూసే మనిషి, ఆ సాయంత్రం చర్చి శిలువ వైపూ అహోబిలం కొండల వైపూ మార్చి మార్చి చూశాడు. హులిగెమ్మ మొగుడు బీడీ పారేసి, "ఏం సార్, నా పెండ్లాము పాసవుతాదా?" అని అడిగాడు. ఓబులేసు తలుపు సందులోంచి ఆమె వైపు తొంగిచూశాడు. చల్లటి గాలి ఒక్క విసురు విసిరి, ఆగింది.

ఎనిమిదింటికి లోపల చివరి ఫోన్ కూడా నోరు మూసుకుంది. వీరభద్ర తన ఫోన్ అడిగి తీసుకుని చూశాడు. ఏడుగురు ముగించారు. ఏడో పేరు హులిగెమ్మది, గడువు తీరడానికి రెండు నిమిషాల ముందు. కోర్సు బతికింది. విశ్వాసమ్మ పేరు పక్కన మూడు పాఠాలే ఉన్నాయి.

ఎవరూ అరవలేదు. క్రిస్టినా లేచి వచ్చి విశ్వాసమ్మ ఒళ్లో తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. "నువ్వు పిలవకపోతే మేం ఈ చదువు మొఖం చూసేటోళ్లమా అక్కా! నువ్వు లేకుండా మాకెందుకు ఇది?"

"లెయ్యే, చీమిడంతా నా చీరకే," అంది విశ్వాసమ్మ. "కోర్సు ఉండాది గదా. వచ్చే ఏడు మల్లా చేరతా. అప్పుడు మీరంతా నా ఎదురుగా కూసోండి. మాట్లాడొద్దులే. తల మాత్రం ఊపండి."

"వచ్చే ఏడు ఆ గడియారం ఉండదమ్మా," అన్నాడు ఓబులేసు. ఆమె ఆయన ముఖం చూసి, "అన్నం తిన్యారా సార్ మీరు?" అని అడిగింది.

తినలేదు. ఆమె ఇంటికి పోయి టిఫిను గిన్నెలో ఇంత సంగటి, పుంటికూర తెచ్చి చేతిలో పెట్టింది. చల్లారిన సంగటి. ఓబులేసు గది గడప మీద కూర్చుని గిన్నె ఖాళీ అయ్యేదాకా తిన్నాడు. వీరభద్ర బండి స్టార్ట్ చేసి పెట్టుకున్నాడు. ఆడవాళ్లు ఎవరి ఫోన్లు వాళ్ల ఇళ్లకు చేర్చడానికి ఇద్దరిద్దరుగా వీధిలోకి వెళ్లిపోయారు.

విశ్వాసమ్మ చాప చుట్టి గోడకు నిలబెట్టింది. బిందె సంకనేసుకుంది. దీపం ఆర్పి, పక్క ఇంట్లో పిల్లలు లేస్తారేమోనన్నట్టు రేకు తలుపును రెండు చేతులతో చప్పుడు కాకుండా దగ్గరికి లాగి, గొళ్లెం పెట్టింది.