తువ్వాల కింద బేరం

చైనా యుద్ధం అయినంక పెట్టిన రైఫిల్ క్లబ్బుల గురి నేర్పేది నేను. ఇడపనూరు ఎడ్ల దలాలి అమరప్పకు పోటీల కోసం పాయింట్ టూటూ పిస్తోలు కావాల్సొచ్చింది. నాలుగు వందలకు మించొద్దని చెప్పి నన్ను రాయచూరు దుకాణానికి తోలుకపోయిండు.

కొత్తది తొమ్మిది వందలు. పక్కన పాతది ఒకటుంది. పైన నునుపు పోయింది గానీ గురి ముల్లు నిటారుగ ఉంది, ట్రిగ్గరు వేలు తాకితె చాలు కదుల్తది. ఇదే తీసుకొమ్మన్న. దుకాణందారు బస్సప్ప ఐదు వందలన్నడు.

అమరప్ప భుజం మీది తువ్వాల తీసి పిస్తోలు మీదనే పరిచిండు. ఎడ్ల సంతల ధర నోటితో చెప్పరు, తువ్వాల కింద ఒకరి వేళ్లు ఒకరు పట్టుకొని చెప్పుకుంటరు. ఇద్దరి చేతులు కిందికి పోయినై. అంచుల నుంచి గొట్టం నా కడుపు దిక్కు చూస్తుంది.

"ఖాళీ చేసినవా బస్సప్పా?" అని అడిగిన.

"బేరం నడుమ మాట్లాడొద్దు సార్," అన్నడు అమరప్ప. గుడ్డ కింద వేళ్లు మెదిలినై. గొట్టం జర కదిలింది.

నాకు మండింది. తువ్వాల గుంజి పారేసిన. సంతల గిట్ల చేస్తె కొడ్తరు. పిస్తోలు తెరిస్తె ఇత్తడి తూటా ఒకటి బల్ల మీద దొర్లింది.

అమరప్ప తూటా అందుకొని, తువ్వాల మళ్ల పరిచి, ఆ తూటాను బస్సప్ప అరచేతిల పెట్టి వేళ్లు మూసిండు.

"ఇప్పుడు చెప్పు," అన్నడు.

బేరం మూడు వందలకు తెగింది. తువ్వాల తీసినంక కూడ బస్సప్ప పిడికిలి విప్పలేదు.