చోడిగాడి మొదటి రౌతు

నేను ఒక గోనెసంచిని. నవ్వకండి, ఒక గుర్రానికి నేనే తొలి రౌతుని! జనపనారతో మిల్లులో పుట్టి, బియ్యం మోసి, కాఫీగింజలు మోసి, మూల చిరుగుపడ్డాక పాడేరు సంతలో ఒక షావుకారు విసిరేస్తే బొంజుబాబు తాత చంకలోకి చేరాను. మనుషులంతే, పొట్ట నిండుగా ఉన్నన్నాళ్ళే సంచికి మర్యాద.

తాత మనవరాలు సుభద్రకి ఎడమకాలు సన్నం. బడి చూస్తే వాగు అవతలి కొండమీద. ఇన్నాళ్ళూ నాన్న కామేశు భుజాన ఎక్కించుకు తీసుకెళ్ళాడు. పిల్ల ఎదిగింది, అతని నడుం అరిగింది. అందుకే తాత చోడిగింజ రంగు, అదే రాగిగింజ రంగు, గుర్రప్పిల్లని తెచ్చి చోడిగాడని పిలిచాడు. బడి తెరిచేలోగా అది మాట వినాలి, లేకపోతే సుభద్రకి ఈ ఏడు చదువు లేనట్టే.

వీపు మీద ఈగ వాలినా ఎగిరిపడే రకం చోడిగాడు! తాత కావడికి ఒకవైపు సుభద్రని వేలాడదీసి, రెండోవైపు నన్ను కట్టి, బద్ద సమంగా నిలిచేదాకా నాలో ఇసుక పోశాడు. పిల్ల వాసన గుర్రానికి తెలియాలని దాని పాతగౌను నాకు తొడిగి, నన్ను చోడిగాడి వీపున కూర్చోబెట్టాడు. అబ్బో, నా సోకు చూడాలి! చోడిగాడు నన్ను ఎన్నిసార్లు బురదలో పడేశాడో నా కుట్లకే తెలుసు. రౌతు మెత్తనైతే గుర్రం మూడుకాళ్ళతో నడుస్తుందంటారు. నేను మెత్తన కాదు, మొద్దుని. చివరికి వాడే దారికొచ్చాడు.

నన్ను దింపి సుభద్రని ఎక్కించారు. ఎక్కగానే అది, "తాతా, సూడు సూడు! నాను రాణీని!" అని కేక పెట్టింది. చోడిగాడు అదిరిపడి ఒక్క గెంతు గెంతాడు. రాణీగారు పేడకుప్పలో పడ్డారు.

కామేశు పరుగెత్తుకొచ్చాడు. "కాలు ఎలాగూ బాగులేదు, నడుం కూడా ఇరగ్గొడతావేటి నాన్నా? బడీ వద్దు, గుర్రమూ వద్దు!"

తాత నెత్తి కొట్టుకున్నాడు. "తప్పు నాదేరా. బరువు తూచినాను, వాసన నేర్పినాను. ఇసకమూటకి నోరు లేదు గదా! ఈ గుంటకేమో నోరు మూతపడదు."

మర్నాటి నుంచి వీపు మీద నేను, అరుగు మీద సుభద్ర. నేను ఊగుతుంటే అది వాగుతుంది. కబుర్లు, కథలు, తగాదాలు, ఎక్కాలు. మొదట్లో చెవులు నిక్కబొడిచిన చోడిగాడు పోనుపోను ఆ గోలలోనే గడ్డి నమలడం మొదలుపెట్టాడు.

బడి తెరిచారు. తాత నాలోని ఇసుక కుమ్మరించి, నన్ను మడిచి చోడిగాడి వీపున పరిచి, పైన సుభద్రని కూర్చోబెట్టాడు. పిల్ల నా అంచుని పిడికిట బిగించి పట్టుకుంది. నోరు తెరిస్తే మళ్ళీ పడతానని భయం. పెదవి విప్పలేదు. చోడిగాడు అడుగు వేయలేదు. తాత అదిలించాడు, కదలడే! కామేశు మొహం చిన్నబోయి, పిల్లని దింపడానికి చేతులు చాచాడు.

"మాటాడే గుంటా," అన్నాడు తాత, "ఆడు నీ నోటికోసమే సూస్తన్నాడు."

"రెండు... ఒకట్ల... రెండు," అంది సుభద్ర, ఏడుపు గొంతుతో.

చోడిగాడు కదిలాడు! కామేశు చాచిన చేతులు అలాగే ఉండిపోయాయి.

ఇప్పుడు రోజూ వాగు దాటేసరికి ఏడో ఎక్కం వస్తుంది. అక్కడ సుభద్ర తప్పకుండా తప్పుతుంది. దిద్దడానికి నాకు నోరు లేదు, చోడిగాడికి పట్టింపు లేదు.