ఆరు రేకులు

పురికొస చుట్టిన ఖాళీ సీసాను పొయ్యి డబ్బా మధ్యలో నిలబెట్టి, చుట్టూ రంపపు పొట్టు పోసి పిడికిలితో గట్టిగా కూరుతోంది సైదాబీ. పొట్టు బిగిశాక సీసాను అందరిలా తిన్నగా లాగెయ్యదు. మర తిప్పినట్టు మెల్లగా తిప్పుతూ పైకి తీస్తుంది. పురికొస చుట్లు లోపలి గోడ మీద అచ్చు పడతాయి. గాలి ఆ చుట్ల వెంట తిరుగుతూ లేస్తుంది, మంటా అలాగే లేస్తుంది, పొగ రాదు. పదేళ్ల కాపురంలో ఎవరూ చెప్పకుండా ఆమె కనిపెట్టుకున్న సంగతి అది. ఇంట్లో ఒక్కరూ గమనించలేదు. పొగ వస్తే తిట్టడానికి అందరూ ఉన్నారు గాని, ఎందుకు రావడం లేదని అడిగే తీరిక ఎవరికుంది?

మొగుడు జాన్ సాహెబ్‌కి నరసరావుపేటలో వినుకొండ రోడ్డు మీద కార్ల షెడ్డు. ఎనభై నాలుగు ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం అన్నం తింటూ, పుల్లారావుగారి అంబాసిడర్ పెట్రోలు మంచినీళ్లలా తాగుతోందని విసుక్కున్నాడు. సైదాబీ కూర వడ్డిస్తూ, "గాలిని తిప్పి పంపితే పొయ్యే పొగ లేకుండా మండుద్ది గదయ్యా. కార్లో గూడా గాలిని తిప్పి పంపితే?" అంది. అతను ముద్ద నోట్లో ఉండగానే నవ్వాడు. "పొయ్యి ఊదుకునే మొహానికి ఇంజన్ల సంగతెందుకే?" పక్కనే ఉన్న అత్త జైనాబ్ బీ కూడా నవ్వింది. సైదాబీ కూడా నవ్వింది, నవ్వకపోతే అలిగిందంటారు గనక.

మర్నాడు డాల్డా డబ్బా కోసి, గుండ్రటి బిళ్లలో ఆరు రేకులు చీల్చి, ఒక్కో రేకునీ వాలుగా వంచింది. దాన్ని క్యారియర్ పైగిన్నెలో పెట్టి షెడ్డుకు పంపింది. అతను ఎగతాళికే, అంబాసిడర్ ఇంజనులోకి గాలి పోయే కార్బొరేటర్ మూతి మీద బిగించాడు. మైలేజీ చూడాలంటే మెకానిక్కులు లీటరు సీసాలో పెట్రోలు పోసి, ఇంజనుకు కట్టి, బండి ఆగేదాకా నడుపుతారు. అంతకుముందు తొమ్మిదో కిలోమీటరు రాయి దగ్గర ఆగిన బండి, ఆ రోజు పదిన్నర దాటింది. షెడ్డుకొచ్చిన వాళ్లందరికీ అది తన తెలివేనని చెప్పుకున్నాడు. నెల తిరక్కుండా ఊళ్లో అందరూ జాన్ సాహెబ్ బుర్రే బుర్ర అన్నారు. మొదట్లో ఆమెకు కడుపు మండింది. తర్వాత అదీ పోయింది. అతని గ్రీజు బట్టలకు సోడా పెట్టి ఉతుకుతూ, నాకేమీ అనిపించడం లేదేమిటా అని ఒకసారి తనే ఆశ్చర్యపోయింది.

ఆ సంగతి విని, ఒక గురువారం పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పే శ్రీనివాసరావు సారు ఇంటికొచ్చాడు. బిళ్లను చేతిలో తిప్పి తిప్పి చూశాడు. పరదా వెనక టీ వడగడుతున్న సైదాబీకి మాటలన్నీ వినబడుతున్నాయి.

"ఆరే ఎందుకు పెట్టారు? ఎనిమిదైతే?"

ఆమె పెదవులు కదిలాయి. ఎనిమిదైతే గాలి ఉక్కిరిబిక్కిరవుతుంది. పొయ్యి మీద పెట్టి చూసింది తను.

"లెక్కలేశా సార్," అన్నాడు జాన్ సాహెబ్. "ఏమే, టీ ఏదీ?"

సారు ఆ బిళ్లను పరీక్షకని తీసుకుపోతూ, సోమవారం గుంటూరు ఎగ్జిబిషన్‌కు అలాంటిదే ఇంకొకటి చేసుకురమ్మన్నాడు. సారు గడప దాటగానే జాన్ సాహెబ్ కత్తెర తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"ఇంకోటి కోసియ్యి."

"లెక్కలేసింది నువ్వంటగా," అంది సైదాబీ. గొంతులో కోపం కూడా లేదు.

"మొగుడికి ఎదురు చెబుతుందే ఇది!" అంది జైనాబ్ బీ.

కొలతలు రాసుకోవాలని అతనికి ఏనాడూ తోచలేదు. రెండు రోజులు నాలుగు డబ్బాలు పాడుచేశాడు. అతని బిళ్ల పెడితే ఇంజను దగ్గింది, లీటరు సీసా ఎనిమిది కిలోమీటర్లకే ఖాళీ అయింది. ఆదివారం పొద్దున పొయ్యి దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"ఏం గావాలే నీకు? చీరా?"

"రేపు నేనూ గుంటూరొస్తా. సారు ముందు కూచుని నేనే కోస్తా. ఆరే ఎందుకో నేనే చెబుతా."

"అంతమందిలోనా? నన్నేమనుకుంటారే జనం?"

ఆ మాటకు బాధ కలుగుతుందేమోనని సైదాబీ కాసేపు ఎదురుచూసింది. కలగలేదు. లేచి చెయ్యి కడుక్కుని, గుడ్డసంచిలో కత్తెర పెట్టింది. ఒక డాల్డా డబ్బా పెట్టింది. పురికొస చుట్టిన సీసాను పొట్టు దులిపి అదీ పెట్టింది. అతను జేబులోంచి తను కోసిన బిళ్ల తీసి పొయ్యి పక్కన పడేశాడు.

"ఆరింటి బస్సుకు పోవాలి," అన్నాడు చివరికి, ఎటో చూస్తూ.

జైనాబ్ బీకి మాత్రం సీసా మీదే దిగులు. "అది గూడా తీసుకుపోతే రేపు పొయ్యెట్టా కూరేదే?"

"అందరూ కూరినట్టే కూరు అత్తా," అంది సైదాబీ సంచి మూతి ముడేస్తూ. "పొగొచ్చిద్ది."