అడిగే చూపు

పాత ఇనుము కొట్టాయన ముఖంలో ఏ భావమైనా కనబడి ముప్పై ఏళ్లయింది. ఆ వ్యాపారంలో సరుకును కళ్లతో కొనాలి, ముఖంతో కాదు. అమ్మేవాడు తెచ్చింది రాగి అని మన కనుబొమ్మ చెప్పిందంటే ఆ రాగి ఇక మనది కాదు. అందుకే ఏ వస్తువు చేతికొచ్చినా ఆయన నిద్ర చాలనివాడిలా, పెదవి కొసన చిన్న నవ్వుతో చూసేవాడు. బజారులో అందరూ రాతిముఖం అనేవారు. ఆయన దాన్ని బిరుదులాగే మోశాడు.

కూతురు మిల్లులో పగటి షిఫ్టుకు పోతూ పదకొండు నెలల పాపను కొట్లో దించి వెళ్లేది. పాపకు బుడంకాయ అని ముద్దుపేరు పెట్టింది ఆయన అక్క. ఓ మూల కూర్చుని తీగలు ఒలిచే పని ఆమెది. తమ్ముణ్ణి నాలుగు మాటలనే హక్కూ ఆమెదే.

బుడంకాయకు ఒక పద్ధతి ఉంది. కొత్త వస్తువు కనబడితే చేయి చాపుతుంది, మధ్యలో ఆపుతుంది, వెనక్కి తిరిగి పెద్దవాళ్ల ముఖం చూస్తుంది. అక్క కళ్లు పెద్దవి చేస్తే చేయి వెనక్కి వస్తుంది. నవ్వితే ముందుకు పోతుంది.

"ముట్టుకోనా వద్దా అని అడుగుతోందిరా అది," అంది అక్క ఒకరోజు. "నీ మొహం చూస్తే దానికేం తెలుస్తుంది? శవం నయం, పోయానని అయినా చెబుతుంది."

"నా మొహం చూసి ఎవరికీ ఏమీ తెలీకపోబట్టే కదక్కా మన పూట గడుస్తోంది."

"అది నీకేమీ అమ్మడానికి రాలేదు."

ఆ బుధవారం ఆయన ఒక రాగి గొట్టం అతుకును గ్యాసు మంటతో కాల్చి, దాని చివరి ఇత్తడి కుళాయిని ఊడదీశాడు. గొట్టాన్ని చల్లారడానికి నేల మీద ఇటుక పక్కన పెట్టాడు. ఎరుపు దిగిన రాగిని చూస్తే చల్లారినట్టే ఉంటుంది. చల్లారదు. అక్క నీళ్లు పట్టడానికి పెరట్లోకి వెళ్లింది.

అప్పుడే ఒకడు రంగు పూసిన పంపు చక్రం మోసుకొచ్చాడు.

"ఇనుమండీ. బరువు చూడండి, ఏడుస్తూ తెచ్చాను."

ఆయన అంచు మీద ఆకురాయితో ఒక్క గీత గీశాడు. గీతలో పసుపు మెరిసింది. కంచు. బొటనవేలు దానంతటదే వచ్చి గీతను మూసింది.

"తుప్పు సరుకు. తీసుకుంటే నాకే నష్టం."

"అయితే పక్క కొట్లో అడుగుతాలెండి," అని వాడు చక్రం మీద చేయి వేశాడు, కళ్లు మాత్రం ఆయన ముఖం మీదే పెట్టి.

వాడి భుజం పక్కనుంచి ఆయనకు బుడంకాయ కనిపించింది. గొట్టం ముందు కూర్చుని ఉంది. చేయి చాపింది. ఆపింది. వెనక్కి తిరిగి తాత ముఖం చూసింది.

గొట్టం ఇంకా జానెడు దూరంలో ఉంది, అందదు. వేలు తీస్తే గీత బయటపడుతుంది, అరిస్తే వీడు చక్రం ఎత్తుకుని పోతాడు. ఈ రెండు లెక్కలూ ఒక్క రెప్పపాటులో పడ్డాయి. ముఖం మీద ఎప్పటి నవ్వు అలాగే ఉంది.

పాప ఆ నవ్వు చదువుకుంది. ఒక్క మోకాలు ముందుకు వేసి గొట్టం పట్టుకుంది. చంటిపిల్లలు కాలితే పిడికిలి వదలరు, ఇంకా బిగిస్తారు.

మూడు వేళ్లు పూర్తిగా చాపుకోవడం కష్టమేనన్నాడు డాక్టరు.

ఆసుపత్రి బల్ల దగ్గర అక్క ఆయన చెవిలో చెప్పింది: "బేరంలో ఉన్నానని అనకు. చూడలేదని చెప్పు."

కూతురు మిల్లు నుంచి దూది అంటిన జుట్టుతోనే వచ్చింది.

"నువ్వెక్కడున్నావ్ నాన్నా?"

"ఎదురుగానే."

"చూశావా?"

ఆయన అక్క వైపు చూడలేదు. "చూశాను. అది నావైపు చూసింది కూడా. సరుకు పోతుందని లేవలేదు."

కూతురు చాలాసేపు ఆయన ముఖంలో ఏదో వెతికింది. లోపల ఎంత ఉన్నా బయటికి రావడం ఆ ముఖానికి అలవాటు తప్పింది. "ఇప్పుడు కూడా అలాగే ఉన్నావు," అని, పాపను భుజాన వేసుకుని వెళ్లిపోయింది.

పాపను ఉంచడానికి వేరే చోటు లేదు. కట్లు విప్పిన వారానికి మళ్లీ తెచ్చింది. "అత్తా, నువ్వే చూసుకో," అంది. తండ్రిని ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేదనిపించింది ఆయనకు.

ఆ రోజునుంచి ఆయన బేరాలు చెడ్డాయి. పాప కొట్లో ఉన్నంతసేపూ కనుబొమ్మలు ఎగరేయడం, నోరు తెరవడం, కళ్లు పెద్దవి చేయడం సాధన చేశాడు. అమ్మేవాళ్లు నవ్వుకుంటూ ధర పెంచుకున్నారు. పెంచుకోనీ అనుకున్నాడు. ఒక్కసారి అది మళ్లీ తనను అడిగితే చాలు.

ఒక మధ్యాహ్నం వీధికుక్క ఒకటి ఎముకతో వచ్చి గడపలో పడుకుంది. అక్క పెరట్లో ఉంది. బుడంకాయ పాకుతూ వెళ్లి, కుక్కకు బారెడు దూరంలో ఆగింది. కుక్క గుర్రుమంది. పాప వెనక్కి తిరిగింది.

ఆయన రెండడుగుల దూరంలో మోకాళ్ల మీద ఉన్నాడు. ఈసారి ముఖమంతా భయమే. సాధన చేసింది కాదు, నిజంగానే వచ్చింది.

పాప చూపు ఆయన మీదుగా, గోడ మీదుగా పోయినట్టే పోయింది. అక్క కూర్చునే మూల వెతికింది. పెరటి గుమ్మం వెతికింది. ఎక్కడా ముఖం దొరక్క, వంకరవేళ్ల చేయి గాలిలో అలాగే నిలిచిపోయింది.

ఆయన దాన్ని ఎత్తుకున్నాడు. అది కర్రలా బిగుసుకుని, తల పక్కకు తిప్పుకుని, గుమ్మం వైపే చూస్తోంది.

"అక్కా," అని పిలిచాడు. "తొందరగా రా. కుక్కంటే ఏంటో దీనికి నువ్వు చెప్పాలి."