నాలుగు గంటల సీసా

జమ్మలమడుగు నుంచి పులివెందుల దాకా వెతికినా, సూదికి భయపడని మగాడు బాలకృష్ణయ్య ఒక్కడే. డెబ్బై మూడేళ్లలో ఎన్ని సూదులు పొడిపించుకున్నాడో గానీ, ఒక్కసారీ కన్నార్పలేదు.

ఆ బుధవారం పది గంటలకు, ప్రొద్దుటూరులో తన వీధి అంగన్‌వాడీ దగ్గర నిలబడి, టీకాలేసే నర్సు మసరత్‌ను ఆటపట్టిస్తున్నాడు.

"ఏందమ్మా, అంగడి తెరిచినావు గానీ బేరమే లేదే! ఇంతకుముందు వీధి మలుపు దాకా వరస ఉండేది గదా?"

"ఈడే కాదు మామా. జమ్మలమడుగులో మా చెల్లెలూ, పులివెందులలో మా వదినా ఇదే పని చేస్తాండారు. వాళ్లకాడా ఏటేటికీ బిడ్డలు తగ్గుతాండారు. ఫోన్లో ఎవడో భయపెడతాడు, తల్లులు నమ్ముతారు."

లోపల ఉన్నది ఒక్క బిడ్డే, తొమ్మిది నెలల ఫాయిజా. తట్టు రాకుండా టీకా వేయించడానికి అవ్వ నూరున్నీసా ఎత్తుకొచ్చింది. మసరత్ బొటనవేలంత సీసాలో పొడిని కరిగించి, సీసా మీద టైము రాసింది.

"ఇది ఐదుగురి మందు మామా. కలిపినాక నాలుగు గంటలే. రెండు దాటితే పారేయాల్సిందే."

"ఒక్క పాపకోసం ఐదుగురిది విప్పినావా?"

"ఒక్కతే అని వెనక్కి పంపితే మళ్లా తెస్తారా?"

బాలకృష్ణయ్య చిన్నప్పుడు ఇదే వీధిలో తట్టు ఒక్క వారంలో ముగ్గురు పిల్లల్ని ఎత్తుకుపోయింది. అందులో ఒకడు ఆయన తమ్ముడు. ఆ సంగతి దాటేసి ఆయన కోతల్లోకి దిగాడు.

"మా కాలం తట్టు నీకేం తెలుసు! తట్టొచ్చిన బిడ్డ లేచి బయటికి పోయినా అది ఆ గదిలోనే కాపు కాసుకోని ఉండేది."

"నిజమే మామా. రెండు గంటల దాకా ఆ గాలిలోనే ఉంటాది."

ఆయన నోరు తెరిచాడు. అరవై ఏళ్లుగా కోస్తున్న కోతల్లో నిజం తనను దాటిపోవడం అదే మొదలు. అంత పెద్ద దయ్యానికి అడ్డం నిలిచేది ఇదా! సీసా అడుగున నలుగురు బిడ్డలకు సరిపోయే మందు, అర చెంచా కూడా లేదు. చూస్తూ చూస్తూ తెలియకుండానే చెప్పులు విడిచాడు.

"మందుల పెట్టె సర్దొద్దు" అని చెప్పి, ఆ చెప్పులు మరిచే వీధిలోకి నడిచాడు.

బిడ్డకు టీకా వేయించమంటే, పక్కింటి ముస్కాన్ గుమ్మంలోనే అడ్డం తిరిగింది. "సూదేస్తే జొరమొస్తాదంట తాతా. నీకైతే సూదంటే భయం లేదు గానీ..."

"భయం లేదని ఎవరన్నారు? నేనే గదా! శుద్ధ అబద్ధం మ్మే. పెళ్లయినాక కూడా నర్సును చూసి జొన్నల గాదెలో దూరినోణ్ణి. జొరమొస్తే రెండు దినాల్లో పోతాది. మా తమ్ముడు పోయినాడే, వాడు మళ్లా రాలేదు."

నవ్వబోయిన ముస్కాన్ ఆగి, కొడుకు మున్నాను చంకనెత్తుకుంది. ఆమెను చూసి ఎదురింటి పుష్పావతి కవల మనవళ్లను తెచ్చింది. ఇక మిగిలింది ఒక్కరి మందు. ముస్కాన్ తోటికోడలు ఇరమ్ ఏడాది బిడ్డతో వేంపల్లెలో ఉంటే, బాలకృష్ణయ్య ఫోన్ చేసి బతిమాలాడు.

రెండుకు రెండు నిమిషాలుండగా ఆటో వచ్చి ఆగింది. ఇరమ్ పరుగున వచ్చింది. బిడ్డ కెవ్వుమంది. సీసా ఖాళీ అయింది. బాలకృష్ణయ్య ఆ ఖాళీ సీసాకు దండం పెట్టాడు.

కవలలు నిజం, జొన్నల గాదె నిజం. ఆ ఆటో మాత్రం ఈ కథ చెబుతూ నేను పుట్టించిందే. నిజానికి ఇరమ్ "చూద్దాంలే తాతా" అని ఫోన్ పెట్టేసింది. రెండు కొట్టేదాకా మసరత్ గుమ్మంలోనే నిలబడి, ఆ ఒక్క బిడ్డ మందును సీసాతో సహా పారేసే సంచిలో వేసింది.