రెండో నంబరు మైదానం

రేక్‌తో మట్టి చదును చేసుకుంటూ జ్ఞానప్రసూన మూడో బేస్ దాకా వచ్చింది. ముట్టుకోవద్దని ఆఫీసువాళ్ళు చెప్పిన మట్టి అది. వద్దన్న పని చేస్తుంటే ఆవిడకి నడుంనొప్పి కూడా తెలియదు, అదేం ఒళ్ళో మరి!

బాతెల్ పట్నానికి ఉత్తరాన, ఏటి పక్కనున్న ఆ చిన్న ఊళ్ళో బేస్‌బాల్ మైదానాలు మూడు. మొదటిదీ మూడోదీ ఎప్పుడూ పిల్లలతో కళకళలాడతాయి. రెండోదాన్ని పార్కింగ్ స్థలం చేయాలని ఊరి కౌన్సిల్ పట్టు. వాడుకలో లేదని తేలితే చాలు. అలా తేలడానికే నెల్లాళ్ళుగా అక్కడ గడ్డి కోయొద్దన్నారు, నీళ్ళు పెట్టొద్దన్నారు, తాళం వేసి పిల్లల్ని రానివ్వలేదు. ఇవాళ వచ్చి ఫొటోలు తీసుకుంటారట. కూడు పెట్టకుండా మాడ్చి, చిక్కిపోయావేమని తిట్టినట్టుంది వీళ్ళ వరస.

ఆవిడ పార్క్స్ డిపార్ట్‌మెంట్‌లో చేరి పదేళ్ళు దాటింది. భర్త సూర్యప్రకాశరావు బయోటెక్ కంపెనీలో సైంటిస్టు. పార్టీల్లో ఎవరైనా అడిగితే మా ఆవిడది ల్యాండ్‌స్కేప్ మేనేజ్‌మెంట్ అంటాడు, మహానుభావుడు. గడ్డి కోస్తాను, మట్టి చదును చేస్తాను అని ఆవిడ పులిహోర వడ్డిస్తూనే చెప్పేస్తుంది. మొహం ముడుచుకున్నవాళ్ళకి ఇంకో గరిటె ఎక్కువ వేస్తుంది.

ఈ రెండో మైదానం కథ ఆవిడకి చెప్పింది మొరీటా అనే ముసలాయన. రోజూ ఆట చూసేవాళ్ళ చెక్కమెట్ల మీద ఆవిడ పక్కనే కూర్చుని లంచ్ తినేవాడు. ఆవకాయ రుచి మరిగి, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ మరీ తినేవాడు. మొదటి మైదానం కలప మిల్లువాళ్ళది. జపాన్ నుంచి వచ్చిన రైతుల పిల్లల్ని అందులో అడుగు పెట్టనివ్వలేదట. అయితే మాది మేమే చేసుకుంటామని ఆయన తండ్రీ బాబాయిలూ ఏటి ఒడ్డున రాళ్ళేరి ఇది చేసుకున్నారు. అంతలో జపాన్‌తో యుద్ధం వచ్చింది. శత్రువులని ముద్ర వేసి కుటుంబాలకి కుటుంబాలనే బస్సులెక్కించి క్యాంపులకి తోలారు. తిరిగొచ్చేసరికి మైదానమంతా నడుమెత్తు గడ్డి, వరదకి కొట్టుకొచ్చిన రాళ్ళు. మళ్ళీ ఏరారు. మొదటి మైదానంలోకి రమ్మని అప్పుడు పిలిచారట, వీళ్ళు వెళ్ళలేదు. ఎందుకు వెళ్తారు?

మొరీటా ఈ వసంతంలో పోయాడు. ఇక అడిగేవాళ్ళెవరూ లేరని కౌన్సిల్ అనుకుంది.

మట్టి పని ముగించి గీతలు గీసే మిషన్ కోసం వెళ్తే షెడ్‌కి కొత్త తాళం వేలాడుతోంది. శశికాంత్ పని. వరంగల్ కుర్రాడు, పార్క్స్‌లో ఇంజనీరు, ఆవిడకి పై అధికారి, ఆదివారాలు ఆవిడింట్లోనే భోజనం. జ్ఞానప్రసూనకి ఒళ్ళు మండింది. షెడ్ బయట పడున్న సుద్దపొడి సంచీ ఈడ్చుకొచ్చి, మేకుకి పురికొస కట్టి లాగి, వంగుని గుప్పిట్లోంచి పొడి వదులుతూ నడిచింది. వాకిట్లో ముగ్గులేసిన చేతికి మిషనెందుకు?

ఒక గీత పూర్తయ్యేసరికి శశికాంత్ పరుగున వచ్చాడు.

"ఆంటీ, ప్లీజ్. రేపు నన్నే అడుగుతరు. నా గ్రీన్ కార్డ్ ప్రాసెస్‌లో ఉంది, మీకు తెల్వదా?"

తెలుసు. ఆ కార్డు కోసం సూర్యప్రకాశరావు ఎన్నేళ్ళు ఎవరికీ ఎదురుచెప్పకుండా బతికాడో పక్కనుండి చూసిన మనిషి. జాలేసింది, కోపమూ వచ్చింది.

"తెలుసు నాన్నా. అందుకే నువ్వు చెయ్యొద్దు. నేను చేస్తాను," అంది, వంచిన నడుం ఎత్తకుండానే.

రెండో గీత అవుతుండగా కార్లు వచ్చి ఆగాయి. పక్కింటి నమ్రత అమ్మాయిల జట్టుకి కోచ్. నిన్ననే ఫోన్ చేసి పిలిచింది ఈవిడ. పిల్లలు బిలబిలమంటూ దిగి, గేటు తీసే ఉండటంతో లోపలికి పరిగెత్తి ఆట మొదలుపెట్టేశారు.

కాసేపటికి పార్క్స్ డైరెక్టరూ కౌన్సిల్ మనుషులిద్దరూ కెమెరాతో వచ్చారు. ఒక పిల్ల దుమ్ము లేపుకుంటూ రెండో బేస్ మీదికి జారింది. ఎవరిచ్చారు పర్మిషన్ అని డైరెక్టర్ శశికాంత్‌ని నిలదీశాడు. జ్ఞానప్రసూన మధ్యలోకి వచ్చి, నేనే తీశాను గేటు, ఇతను వద్దన్నా వినలేదు అని గట్టిగా చెప్పింది. అయితే రేపట్నుంచి రానక్కర్లేదన్నాడాయన. రేపటి దాకా ఎందుకని అడిగి, పిల్లల ఆట ఒక నిమిషం చూసి, ఆవిడ కారెక్కి వెళ్ళిపోయింది.

కౌన్సిల్ మనిషి కెమెరా ఎత్తి, ఆ పిల్లల్ని రెండు నిమిషాలు పక్కకి జరపమని శశికాంత్‌కి చెప్పాడు. శశికాంత్ ఆవిడ కారు పోయిన వైపు చూశాడు. ఆట అయ్యేదాకా ఆగాలి సార్ అన్నాడు. ఎంతసేపని ఆగుతారు? పిల్లలున్న ఫొటోనే తీసుకుని పోయారు. వాడుకలో లేదని రాసే వీల్లేకపోయింది.

బ్యాటు పట్టి నిలబడే హోమ్ ప్లేట్ వెనక కంచెకి ఆవిడ విప్పి తగిలించిపోయిన నారింజరంగు డ్యూటీ కోటు చీకటి పడేదాకా అక్కడే ఉంది, రెండు జేబుల అంచులా తెల్లటి సుద్దతో.